కోళ్ల గూట్లో ఎండుటాకుల పరుపు: నా ప్రాజెక్టు డైరీ

రోజు 1

గూట్లో పాత చెక్కపొట్టంతా ఇవాళ ఎత్తేశాను. తొమ్మిది పెట్టలు, ఒక పుంజు. ఆరడుగుల వెడల్పు, పదడుగుల పొడవు గూడు, మట్టి నేల, రెండు వైపులా జాలీ. ఇన్నాళ్లూ వడ్రంగం పొట్టే పరిచేవాణ్ణి. ఈ మధ్య అది సరిగా దొరకడం లేదు, దొరికినా పిండిలా సన్నగా ఉండి అడుగు వేస్తే చాలు దుమ్ము లేస్తోంది, కోళ్లు తుమ్ముతున్నాయి. ఇంకోపక్క చెట్ల కింద ఆకులు కుప్పలుగా పడి ఉంటే జనం పోగేసి నిప్పు పెడుతున్నారు. అది చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే అనుకున్నాను, మూడు నెలల పాటు కొన్న పరుపు ఒక్క గుప్పెడు కూడా వేయకుండా, చుట్టుపక్కల ఏరుకొచ్చిన ఆకులు, గడ్డి, సూదాకులతోనే గూడు నడపాలని. ఏం జరిగితే అది రాసుకుంటాను, తప్పులతో సహా.

ముందు ఒక లెక్క. కోడికి మూత్రం విడిగా ఉండదు, రెట్టలో తెల్లగా కనిపించేదే దాని మూత్రం, అంటే యూరిక్ ఆమ్లం. తాజా రెట్టలో దాదాపు నాలుగింట మూడొంతులు నీళ్లే. ఒక్కో కోడి రోజుకు వంద గ్రాములకు పైగా రెట్ట వేస్తుంది కాబట్టి మా పదీ కలిపి కిలో దాటుతుంది. పగలు కొంత బయట పడినా, రోజూ అర లీటరుకు తగ్గకుండా నీళ్లు ఈ నేల మీద పోస్తున్నట్టే. ఆ నీళ్లు ఎటు పోవాలి అన్నదే ఇప్పుడు నా ముందున్న పని.

రోజు 2

పొద్దున్నే వెళ్లడం పొరపాటు. మంచుకు పైఆకులన్నీ చెమ్మగా ఉన్నాయి. పదకొండు దాటాక మళ్లీ వెళ్లి పుల్లల చీపురుతో పోగేశాను. నేలకు అంటుకుని ఉన్న అడుగు పొరను కదపలేదు. అది అప్పటికే మట్టిగా మారుతోంది, దాంట్లో బూజు ఉంటుంది, పైగా ఆ చెట్టుకూ దాని కింద బతికే పురుగూ పుట్రకూ అది కావాలి. పైన గలగలలాడే పొర చాలు మనకు.

బూట్లు, గ్లౌజులు లేకుండా ఆకుల కుప్పలో చెయ్యి పెట్టకండి. ఇది గట్టిగా చెబుతున్నాను. ముందు చీపురుతోనో కర్రతోనో కుప్పను కదిపి, కాసేపు ఆగి, అప్పుడు ఎత్తాలి. ఇవాళ రెండు తేళ్లు, ఒక జెర్రి కనిపించాయి. ఎండుటాకు కుప్ప అంటే వాటికి ఇల్లు.

రోడ్డు పక్క ఆకులు వద్దనుకున్నాను. దుమ్ము, నూనె మరకలు, ప్లాస్టిక్ ముక్కలు, గాజు పెంకులు. కోడి మెరిసే దాన్ని దేన్నయినా పొడుస్తుంది, చిన్న తీగ ముక్క మింగినా కందనకాయలో గుచ్చుకుంటుంది.

రోజు 4

ఎనిమిది గోనె సంచులు నిండాయి. ప్లాస్టిక్ సంచుల జోలికి పోలేదు, లోపల ఊపిరాడక ఆకు చెమటపడుతుంది.

ఆకు ఎండిందో లేదో నేను చేత్తో నలిపి చూస్తుంటే అమ్మ వచ్చి సంచిని కాలితో ఒక్క తన్ను తన్నింది. "గలగలమనాలిరా. ఇట్లా మెత్తగా సణిగిందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. మళ్లీ ఆరబొయ్యి." రెండు సంచులు సణిగాయి. పట్టా మీద పోసి మళ్లీ ఎండబెట్టాను.

ఏరుకొచ్చిన వాటిలో పక్కన పడేసినవి కూడా రాయాలి, ఎందుకంటే కొన్నిటి దగ్గర పొరపాటు జరిగితే కోడి దక్కదు. గన్నేరు చెట్టు ఉన్న చోట ఏమీ ఏరలేదు. గన్నేరు ఆకు ఎండినా విషం పోదు, గుండె మీద దెబ్బ కొడుతుంది. ఆముదం మొక్కల కింద గింజలు రాలి ఉంటాయి, ఆ చోటూ వదిలేశాను. ఉమ్మెత్త, జిల్లేడు కనిపిస్తే దూరం. వయ్యారిభామ ఉన్న గడ్డినైతే అసలు తాకలేదు, నా చర్మానికే పడదు, పైగా దాని విత్తనాలు రేపు ఎరువుతో పాటు పెరడంతా మొలుస్తాయి. ఏ చెట్టు ఆకో గుర్తుపట్టలేకపోతే ఆ ఆకు నాకు అక్కర్లేదు, అంతే.

చేతికొచ్చిన సరుకు నాలుగు రకాలు. ఒకటి, పల్చటి వెడల్పాటి ఆకులు, నలిపితే పొడి అవుతాయి. రెండు, మామిడి, పనసలాంటి మందపాటి మెరుపు ఆకులు. మూడు, కోసి ఎండబెట్టిన గడ్డి. నాలుగు, సరుగుడు చెట్ల కింద పరుపులా పడి ఉండే సూదులు. నిజానికి సరుగుడు సూది ఆకు కాదు, సన్నటి రెమ్మ. దాని కణుపుల దగ్గర చిన్న పొలుసుల్లా ఉండేవే అసలు ఆకులు. పైన్ చెట్లు దగ్గర్లో ఉన్నవాళ్లు పైన్ సూదులు వాడుకోవచ్చు, పని ఒకటే.

రోజు 5

ఏది ఎంత నీళ్లు తాగుతుందో చూద్దామని వంటింటి తూకం తెచ్చుకుని కూర్చున్నాను. ప్రతి రకం వంద గ్రాములు పల్చటి గుడ్డలో మూటకట్టి గంటసేపు నీళ్లలో ముంచి, అరగంట వేలాడదీసి, మళ్లీ తూచాను. నలిపిన పల్చటి ఆకు 290 గ్రాములు అయింది. ముక్కలు చేసిన గడ్డి 320. సూదులు 195. మామిడాకులు నలపకుండా వేస్తే 165 మాత్రమే, వాటి మీద మైనంలాంటి పూత నీటిని జారుస్తుంది. మిగిలిన చెక్కపొట్టు కూడా చూశాను, అది 300.

ఇక్కడితో ఆగి ఉంటే గడ్డి గెలిచిందనుకునేవాణ్ణి. ఎందుకో అవన్నీ పళ్లేల్లో పల్చగా పరిచి నీడలో వదిలేశాను.

రోజు 6

మర్నాడు అదే వేళకు మళ్లీ తూచాను. గడ్డి ఇంకా 215 దగ్గరే ఉంది, ముద్దగా, పట్టుకుంటే చల్లగా. నలిపిన ఆకు 160కి దిగింది. సూదులు 112, దాదాపు ఆరిపోయాయి.

ఇది నేను ముందు ఆలోచించని సంగతి. పరుపు ఎంత తాగుతుంది అని మాత్రమే చూస్తున్నాను. తాగిన నీటిని మళ్లీ గాలికి వదిలేయాలి కదా. రోజూ అర లీటరు వచ్చి పడుతున్న చోట, తాగి తాగి పట్టుకుని కూర్చునేది రెండు వారాల్లో బురద అవుతుంది. ఆకు తాగాలి, సూదులు మధ్యలో సందు చేసి గాలి ఆడనివ్వాలి. రెండూ కలిపి వేయాలని అప్పుడే తోచింది. కానీ ఆ పూట తొందరలో సూదులు గూటికి ఒక మూలనే వేశాను, మిగతా అంతా సంచుల్లోంచి నేరుగా ఆకులు గుమ్మరించాను, నాలుగు అంగుళాల మందం. సంచులు చూడ్డానికి కొండంత, పరిస్తే గుప్పెడంత. ఎనిమిదింట్లో ఆరు అయిపోయాయి.

కోళ్ల సంబరం మాత్రం చూడాల్సిందే. పుంజు మొదట అనుమానంగా మెడ సాచి చూసింది. ఒక పెట్ట దూకి గీరడం మొదలుపెట్టగానే ఇక మిగతావన్నీ. ఆకుల మధ్య చిన్న చిన్న పురుగులు, గింజలు ఉన్నాయి కాబట్టి చీకటి పడేదాకా గీరుతూనే ఉన్నాయి. చెక్కపొట్టు మీద ఇంత హుషారు నేనెప్పుడూ చూడలేదు.

రోజు 13

వారం తిరిగేసరికి వాలే కర్రల కింద దంతె గుచ్చి లేపితే ఆకులు అట్టలా ఊడి వచ్చాయి, అడుగున్నర వెడల్పు ఒకే పలక. ఆకు మీద ఆకు పడి, మధ్యలో రెట్ట జిగురులా అంటి, పైకి పొడిగా కనిపిస్తున్నా కింద నల్లగా తడిగా ఉంది. గాలి అందని చోట కుళ్లే వాసన. రాత్రంతా కోళ్లు ఒకే చోట కూర్చుంటాయి కాబట్టి ఆ కిందే ఎక్కువ రెట్ట పడుతుంది, అక్కడే ఆకు అట్టకట్టింది. విచిత్రమేమిటంటే ఆ మూల, సూదులు వేసిన చోట, అట్ట కట్టలేదు. అక్కడ దంతె సులువుగా దిగింది.

ఆకుల్ని నలపకుండా వేయడం నా తప్పు. కోళ్లే గీరి ముక్కలు చేస్తాయిలే అనుకున్నాను. మధ్యలో, గుమ్మం దగ్గర నిజంగానే చేశాయి కూడా. కానీ కర్రల కింద అవి పగలు తిరగవు, తిరగని చోట ఎవరు గీరుతారు?

రోజు 16

అమోనియా ఘాటు. నిలబడి ఉంటే తెలియడం లేదు, కోడి ఎత్తుకు కింద గొంతుకూర్చుని పది సెకన్లు ఊపిరి పీలిస్తే కళ్లు మండాయి. మనం నిలబడి వాసన చూసి బాగానే ఉందనుకుంటాం, కోళ్ల ముక్కులు మాత్రం రాత్రంతా దాని పక్కనే ఉంటాయి. కోళ్ల షెడ్లలో అమోనియా 25 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో పాతిక పాళ్లు, దాటకూడదంటారు. నా దగ్గర మీటరు లేదు, కళ్లే మీటరు.

ఇంకో తప్పు కూడా చేశాను. తడి లాగుతుందని రెండు తట్టల కట్టెల బూడిద చల్లాను. మర్నాటికి ఘాటు తగ్గకపోగా రెట్టింపయింది. తర్వాత కూర్చుని చదివితే విషయం తెలిసింది. రెట్టలోని యూరిక్ ఆమ్లాన్ని సూక్ష్మజీవులు విరగ్గొట్టినప్పుడు అమోనియా పుడుతుంది. పరుపులో కొంచెం ఆమ్లగుణం ఉంటే అది అక్కడే కరిగి నిలిచిపోతుంది, క్షారగుణం పెరిగితే వాయువై లేస్తుంది. బూడిద క్షారమే, సున్నమూ అంతే. తడి పరుపు మీద బూడిద చల్లానంటే ఉన్న అమోనియాను చేత్తో పైకి లేపినట్టే. పొడి బూడిద ఇప్పుడు విడిగా ఒక టబ్బులో మట్టితో కలిపి పెట్టాను, కోళ్లు దాంట్లో పొర్లాడి పేలు దులుపుకుంటాయి. దాని చోటు అది.

అట్టకట్టిన పలకలన్నీ ఎత్తి ఎరువు గుంటలో వేశాను. జాలీకి కట్టిన పాత గోనె పరదాలు పైనుంచి అడుగు మేర దించాను, ఘాటు గాలి పైకి లేచి పోవడానికి.

రోజు 19

ఇవాళంతా ఆకులు నలపడమే. సంచిని మూడొంతులు నింపి మూతి కట్టి, దాని మీద ఎక్కి తొక్కడం, తర్వాత బోర్లించి కర్రతో కొట్టడం. బాగా ఎండిన సంచి పది నిమిషాల్లో సగానికి దిగింది. గడ్డి కోసే మిషన్ ఉన్నవాళ్లు ఆకుల మీద నడిపిస్తే ఇంకా తేలిక. మొహానికి మాస్కు కట్టుకున్నాను, అయినా సాయంత్రానికి గొంతు గరగర. పిండి చేయకూడదు, బొటనవేలి గోరంత ముక్కలు చాలు. పొడైతే మళ్లీ దుమ్మే, చెక్కపొట్టు మీద చెప్పిన ఫిర్యాదే మళ్లీ చెప్పుకోవాలి.

రెండు పాళ్లు నలిపిన ఆకు, ఒక పాలు సూదులు కలిపాను. మందపాటి మామిడాకుల్ని ముక్కలు చేసి అడుగున పల్చగా వేశాను, నేల చెమ్మ పైకి రాకుండా. వాటికి నీరు పట్టదు, త్వరగా కుళ్లవు, ఆ మొండితనమే ఇక్కడ పనికొచ్చింది. మొత్తం ఐదంగుళాలు. ఇక మీదట సాయంత్రం మేతలో ఒక గుప్పెడు గింజలు కర్రల కింద చల్లుతాను, అక్కడికి వచ్చి గీరాల్సిందే.

రోజు 23

నల్ల పెట్ట ఒక కన్ను మూసుకుని తిరుగుతోంది. పట్టుకుని వెలుతురులో చూస్తే రెప్ప కింద గడ్డి గింజ, వెనక ముల్లులాంటి తోక ఉన్నది. ఆ తోకకు సన్నటి నూగు ఉంటుంది, ఒకవైపుకే జారుతుంది, వెనక్కి రాదు. గోరువెచ్చటి ఉప్పునీళ్లతో కడిగి తడి దూదితో మెల్లగా తీశాను. రెండు రోజులు కన్ను ఎర్రగా ఉంది కానీ చూపు బాగానే ఉంది. లోపలికి దిగిపోయి ఉంటే పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లేవాణ్ణి, చిమటాతో నేను గెలికేవాణ్ణి కాదు.

తప్పు నాదే. గడ్డిని ఎప్పుడు కోశానన్నది చూసుకోలేదు. గింజ పట్టక ముందు, పూతకొచ్చీ రాకుండా ఉన్నప్పుడే కోసి ఎండబెట్టాలి. గూట్లో ఉన్న గడ్డంతా ఏరి తీసేశాను. పొడుగు గడ్డిపోచలతో ఇంకో ఇబ్బంది కూడా ఉంది, కోడి వాటిని మింగితే మెడ కింద మేత నిలిచే సంచిలో ఉండచుట్టుకుని ఇరుక్కుంటుంది. పొద్దున్నే మేతకు ముందు ఆ సంచి ఖాళీగా, మెత్తగా ఉండాలి. గట్టిగా బంతిలా తగిలితే జాగ్రత్త పడాలి. ఇక నుంచి గడ్డి ఏదైనా రెండంగుళాలకు మించకుండా కత్తితో నరికే వేస్తాను.

రోజు 27

నిల్వ ఉంచిన సంచుల్లో ఒకటి విప్పగానే ముక్కుకు మగ్గిన వాసన కొట్టింది. లోపల చెయ్యి పెడితే వెచ్చగా ఉంది, ఆకుల మధ్య తెల్లటి బూజు. గోడకు ఆనించి పెట్టిన సంచి, గోడ చెమ్మ పీల్చింది. ఎండబెట్టి వాడదామా అని ఒక్క క్షణం అనిపించింది, అంత కష్టపడి ఏరినవి కదా. వద్దు. ఎండితే బూజు చచ్చిపోదు, పొడిగా మారి ఇంకా తేలిగ్గా గాల్లోకి లేస్తుంది. ఆస్పర్జిల్లస్ అనే బూజు కోళ్ల ఊపిరితిత్తుల్లో చేరితే పెద్దవే నోరు తెరిచి రొప్పుతాయి, పిల్లలైతే బతకడం కష్టం. అది ఊపిరితిత్తుల్లో పాతుకుపోయాక మంచి వైద్యం లేదు. మాస్కు కట్టుకుని ఆ సంచిని దూరంగా ఎరువు గుంటకు తీసుకెళ్లి తడిపి కప్పేశాను.

మిగతా సంచులు అటక మీదికి, గోడకు జానెడు దూరంగా, అడుగున కర్రలు పెట్టి ఎక్కించాను.

రోజు 31

గుడ్లు పెట్టే పెట్టెల్లో మూడు వేరు వేరు పరుపులు వేసి వారం చూశాను. సూదులు వేసిన పెట్టెలోంచి పెట్టలు వాటిని కాళ్లతో బయటికి తన్నేశాయి, గుడ్డు చెక్క మీద పడి ఒకటి చిట్లింది. నలిపిన ఆకు గుడ్డుకు అంటుకుని మరకలు. నరికిన గడ్డి మాత్రం గిన్నెలా గుంటపడి నిలబడింది, పెట్ట తిరిగి తిరిగి తనకు కావాల్సిన అచ్చు తనే చేసుకుంది, గుడ్లు శుభ్రంగా వచ్చాయి. పెట్టెల్లో రెట్ట పెద్దగా పడదు కాబట్టి గడ్డి నీళ్లు పట్టుకుని కూర్చుంటుందన్న బెంగ అక్కడ లేదు. నేల మీద ఓడిన గడ్డి ఇక్కడ గెలిచింది.

గోధుమ రంగు పెట్ట పొదుగుకు వచ్చింది. చెయ్యి పెడితే ఈకలు నిక్కబొడుచుకుని గుర్రుమంటోంది. వెనక గదిలో పెట్టె కింద మట్టి, పైన గడ్డి వేసి పదకొండు గుడ్లతో పొదగేశాం.

రోజు 38 నుంచి 41

నాలుగు రోజులు ముసురు. ఈ ప్రాజెక్టుకు అసలు పరీక్ష ఇదే. బయటికి వెళ్లలేక, పొదుగుతున్న పెట్ట తప్ప మిగతా తొమ్మిదీ రోజంతా గూట్లోనే, రెట్టంతా లోపలే. గాలిలోనే తేమ ఉన్నప్పుడు ఏ ఆకైనా ఎలా ఆరుతుంది?

రోజుకు రెండుసార్లు పరుపును గుప్పెట్లో పట్టి పిసికి చూశాను. గుప్పెడు తెరిచాక ఉండ అలాగే నిలిస్తే తడి ఎక్కువ. తెరవగానే విడిపోయి రాలితే సరిగ్గా ఉంది. అసలు ఉండే కట్టకుండా దుమ్ము లేస్తే మరీ పొడి. పరుపు తేమ 20 నుంచి 30 శాతం మధ్య ఉండాలంటారు, ఈ గుప్పెడు పరీక్ష దాదాపు అదే చెబుతుంది. రెండో రోజుకే నీళ్ల తొట్టి చుట్టూ ఉండ కట్టింది. మిగతా గూడు బాగానే ఉంది! అంటే తడి పైనుంచి రాలేదు, రెట్ట నుంచి కూడా కాదు, కోళ్లు తాగుతూ ముక్కు విదిలించి, తొట్టి అంచు మీదెక్కి ఒలకబోస్తున్నాయి. నెల రోజులుగా ఆకుల్ని తిట్టుకుంటున్నాను, దొంగ నీళ్ల తొట్టి.

నాలుగు ఇటుకల మీద జాలీ ముక్క పెట్టి, దాని కింద పళ్లెం పెట్టి, తొట్టి అంచు కోడి వీపు ఎత్తుకు వచ్చేలా లేపాను. అంతకంటే కిందుంటే గీరి ఆకులు తొట్టిలో వేస్తాయి. తడిసిన చోట రెండు తట్టలు ఎత్తేసి, అటక మీది పొడి మిశ్రమం పోశాను. వాలే కర్రల కింద ఒక వెడల్పాటి పలక కూడా అమర్చాను, రోజూ పొద్దున పలక మీది రెట్ట గీకి ఎరువు గుంటలో వేస్తే పరుపు మీద పడే నీరు బాగా తగ్గుతుంది. ఐదు నిమిషాల పని. ఇది మొదటి రోజే చేయాల్సింది.

ముసురు పోయాక అన్ని కోళ్ల అరికాళ్లూ తిప్పి చూశాను. తడి పరుపు మీద నిలబడితే అరికాలి చర్మం మెత్తబడి, నల్లటి పొక్కు కట్టి, పుండవుతుంది. పదింట్లో ఒక్కదానికి చిన్న ఎరుపు. మిగతావి శుభ్రం. ఆ రోజు నాకు కడుపు నిండినట్టుంది.

రోజు 52

పిల్లలు! ఇరవై ఒకటో రోజుకు ఖచ్చితంగా లేచాయి, పదకొండు గుడ్లకు తొమ్మిది.

పిల్లల కింద ఆకు వేయలేదు. ఆలోచించే వేయలేదు. నలిపిన ఆకులో ఎక్కడో ఒక బూజు ముక్క ఉన్నా పెద్దకోడి తట్టుకుంటుందేమో, పిల్ల తట్టుకోదు. ఎండలో రెండు రోజులు కాగిన, తాజాగా కోసిన సన్న గడ్డిని అంగుళం ముక్కలు చేసి పరిచాను. కాగితం పరచమని కొందరంటారు కానీ నున్నటి కాగితం మీద పిల్లల కాళ్లు జారి రెండు వైపులకీ చీలిపోతాయి, ఆ కాళ్లు మళ్లీ సరిచేయడం కష్టం. కాళ్లకు పట్టు దొరకాలి.

తల్లి ఉంది కాబట్టి బల్బు అవసరం రాలేదు. బల్బు పెట్టేవాళ్లు మాత్రం ఎండుటాకు, ఎండుగడ్డి నిప్పుకు సిద్ధంగా ఉన్న సరుకని గుర్తుంచుకోండి. బల్బును ఒక్క తీగ మీద వేలాడదీయకుండా రెండో కట్టు కూడా గొలుసుతో కట్టుకోండి, ఒకటి తెగినా ఇంకొకటి ఆపుతుంది. అసలు బల్బు కింద ఆకులు వద్దే వద్దు.

రోజు 60

పిల్లల పరుపు రెండు రోజులకోసారి మారుస్తున్నాను, నీళ్ల గిన్నె చుట్టూ అయితే రోజూ. కారణం కాక్సీడియోసిస్, రక్తపు రెట్ట జబ్బు. ఆ జబ్బు తెచ్చే క్రిమి గుడ్లలాంటివి రెట్టతో బయటికొచ్చిన వెంటనే జబ్బు అంటించలేవు, వెచ్చదనం, తడి, గాలి దొరికితే ఒకటి రెండు రోజుల్లో తయారవుతాయి. వెచ్చదనాన్నీ గాలినీ నేను తీసేయలేను, తడిని తీసేయగలను. అందుకే ఈ హడావిడి. ఇప్పటిదాకా ఒక్క పిల్ల కూడా ఈకలు ఉబ్బించుకుని మూల కూర్చోలేదు.

పెద్ద గూట్లో చెప్పుకోదగ్గ విశేషం లేదు. వారానికోసారి దంతెతో తిరగేయడం, పది రోజులకోసారి ఒక సంచి పైన చల్లడం. కింద గొంతుకూర్చుంటే అడవి నేల వాసన వస్తోంది.

రోజు 84

పన్నెండు వారాలు. మొత్తం పరుపు ఎత్తేశాను. అంతా కలిపి పందొమ్మిది సంచుల ఆకు, ఐదు సంచుల సూదులు పట్టింది, నల్లటి పొడిపొడి ముద్దగా మారి నాలుగు తోపుడు బండ్లకు దిగింది. అడుగున మామిడాకులు మాత్రం ఈనెలతో సహా గుర్తుపట్టేలా ఉన్నాయి.

కుప్ప వేసేటప్పుడు ఎండుటాకులు ఇంకా కొన్ని కలిపాను. కోడిరెట్టలో నత్రజని చాలా ఎక్కువ, పది పాళ్లు కర్బనానికి ఒక పాలు ఉంటుంది. ఎరువు కుప్ప బాగా కాగాలంటే పాతిక ముప్పై పాళ్లు కర్బనం కావాలి, లేకపోతే ఆ నత్రజనంతా అమోనియా వాసనై గాల్లో కలిసిపోతుంది. గూట్లో పొడిగా ఉంచడానికి మూడు నెలలు అవస్థపడిన నేను ఇవాళ అదే సరుకు మీద పైపుతో నీళ్లు కొట్టాను, తడి లేకపోతే కుప్ప వేడెక్కదు.

రోజు 88

కుప్ప నడుమ థర్మామీటరు గుచ్చితే 59 డిగ్రీలు. 55 దాటి కొన్ని రోజులు నిలిస్తే రోగకారక క్రిములు, కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి, కాబట్టి అంచులు లోపలికి వచ్చేలా మూడు రోజులకోసారి తిరగేస్తాను.

రోజు 160

కుప్ప చల్లబడి, కుదించుకుని, వేళ్ల మధ్య మట్టిలా రాలుతోంది. ఆకుకూర మళ్లలో వేసే ముందు ఒక అనుమానం తీర్చుకోవాలి. నేను కోసిన గడ్డిలో కొంత ఎవరిదో పచ్చిక బీడు నుంచి వచ్చింది. కొన్ని రకాల కలుపు మందులు గడ్డిలోనూ, ఎరువులోనూ నెలల తరబడి చావకుండా ఉంటాయి, కోళ్లకు ఏమీ కనిపించదు కానీ ఆ ఎరువు వేసిన చిక్కుడు, టమాటా మొక్కల ఆకులు మెలికలు తిరిగిపోతాయి. ఆరు చిన్న కుండీలు పెట్టి, మూడింట్లో ఈ ఎరువు కలిపిన మట్టి, మూడింట్లో మామూలు మట్టి వేసి, అన్నిట్లో చిక్కుడు గింజలు నాటాను.

రోజు 181

ఆరు కుండీల్లోనూ మూడేసి ఆకులు విచ్చుకున్నాయి, అన్నీ చదునుగా, తిన్నగా ఉన్నాయి. ఎరువు రేపు మళ్లలోకి. నేలకు తగిలే ఆకుకూరలు కోయడానికి మాత్రం ఇంకో నాలుగు నెలలు ఆగుతాను, ఈలోపు వంకాయ, పాదు కూరలు.

గూట్లో రెండో విడత పరుపు నడుస్తోంది. అటక మీద ఇంకా పదకొండు సంచులు ఉన్నాయి. పొద్దున ఒక్కోదాన్నీ కాలితో తన్ని చూశాను, అన్నీ గలగలమన్నాయి.